పదకొండేళ్ళ డబ్బాకి ఐదు వేల వైద్యం: క్రూషియల్ బీఎక్స్500 ఎస్‌ఎస్‌డీ, 480 జీబీ

మా ఇంట్లో సిస్టమ్ 2014 చివర్లో అసెంబుల్ చేయించింది. ఐ5-4460 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. పొద్దున్నే స్విచ్ వేసి స్నానానికి వెళ్తే, తల తుడుచుకుంటూ వచ్చేసరికి డెస్క్‌టాప్ కనిపించేది, క్రోమ్ తెరుచుకోవాలంటే ఇంకో టీ తాగాలి. మా అమ్మాయి బీటెక్‌లో చేరాక ఆన్‌లైన్ క్లాసు ఒక పక్క, ప్రోగ్రాములు రాసుకునే వీఎస్ కోడ్ ఇంకో పక్క పెట్టేసరికి మౌస్ కూడా కదలడం మానేసింది. పోయిన దసరాకి నా చేతిలో ఉన్నది ఐదు వేలు.

కాలనీలో ఒక షాపుకి మోసుకెళ్తే, అక్కడి కుర్రాడు కనీసం ఆన్ చేసి చూడకుండానే "అన్నా, గ్రాఫిక్స్ కార్డు ఏస్కో, మస్తు స్పీడొస్తది" అని జీటీ 730 తీసి కౌంటర్ మీద పెట్టాడు. వద్దన్నాను. అయితే బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ మార్చెయ్యమని ఇరవై రెండు వేలకి కొటేషన్ రాసిచ్చాడు.

ఇంటికొచ్చి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ చూశా. ప్రాసెసర్ 15 శాతం దగ్గర హాయిగా ఉంది. మెమరీ 91. డిస్క్ 100, కిందికి దిగనే దిగట్లేదు. ర్యామ్ చాలక విండోస్ హార్డ్ డిస్క్‌నే ర్యామ్‌లా వాడుకుంటోంది, ఆ డిస్కేమో వరసగా చదివితే సెకనుకి 100, 150 ఎంబీ ఇస్తుంది గానీ చిన్న చిన్న ముక్కలు అక్కడొకటి ఇక్కడొకటి ఏరుకురమ్మంటే ఒకటి రెండు ఎంబీకి పడిపోతుంది. దీనికి గ్రాఫిక్స్ కార్డు పెడితే ఏం లాభం, కాలు నొప్పికి కళ్ళజోడు కొన్నట్టే.

సికింద్రాబాద్ సీటీసీలో (కంప్యూటర్ షాపుల కాంప్లెక్సు) బీఎక్స్500 తీసుకున్నా, 3,050 అయింది. ఇది ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లో దాచుకునే వేగమైన డిస్క్. మా హెచ్81 బోర్డులో ఎం.2 స్లాట్ (కొత్త రకం డిస్కుని నేరుగా గుచ్చే చోటు) లేదు కాబట్టి, ఎన్‌వీఎంఈ అనే ఇంకా వేగమైన రకం ఎంత ఊరించినా మనకి కేబుల్‌తో తగిలించే సాటా ఎస్‌ఎస్‌డీనే గతి. 8 జీబీ డీడీఆర్3 ర్యామ్ 1,150, సాటా కేబుల్ 80 (ఇది విడిగా అడిగి తెచ్చుకోండి, నేను మర్చిపోయి మళ్ళీ మెట్లెక్కా).

బిగించడం నేనే చేశా, రెండు చోట్ల బోల్తా పడ్డా. ర్యామ్ పెట్టాక డిస్‌ప్లే రాలేదు, బీప్ బీప్ అని ఒకటే గోల. బయటికి తీసి, పసుపు రంగు కాళ్ళని మా అమ్మాయి ఎరేజర్‌తో రుద్ది, రెండు వైపులా క్లిప్పులు టక్‌మని పడేదాకా నొక్కితే అప్పుడు వచ్చింది. రెండోది ఇంకా చిన్నది. ఎస్‌ఎస్‌డీకి టెస్ట్ పెడితే స్పీడు సెకనుకి 270 ఎంబీ దాటట్లేదు, కంపెనీవాళ్ళు చెప్పేది 540. నకిలీ అంటగట్టారేమోనని టెన్షన్ పడి బోర్డు మాన్యువల్ తీస్తే, నాలుగు సాటా పోర్టుల్లో రెండే 6 జీబీపీఎస్‌వి, మిగతా రెండూ పాత 3 జీబీపీఎస్‌వి. పక్క పోర్టులోకి మార్చగానే 520.

480 అని కొంటే విండోస్‌లో 447 చూపిస్తుంది, అది మోసం కాదు, లెక్కపెట్టే పద్ధతిలో తేడా.

విండోస్ కొత్తగా వేశాక ఇరవై సెకన్లలో లాగిన్ స్క్రీన్. మా ఆవిడ "కొత్తది కొన్నావా" అని అనుమానంగా అడిగింది. లోపం ఏమిటంటే దీంట్లో డీర్యామ్ క్యాష్ (డిస్క్ తన లెక్కలు రాసుకునే చిన్న మెమరీ) ఉండదు, పైగా పెద్ద పెద్ద ఫైళ్ళు ఒకేసారి కాపీ చేస్తే మధ్యలో స్పీడు తగ్గుతుంది. రోజూ వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళు ఇంకోటి చూసుకోండి. వారంటీ మూడేళ్ళు. దీన్ని తయారుచేసే మైక్రాన్ వాళ్ళు 2025 డిసెంబరులో క్రూషియల్ పేరుతో జనానికి అమ్మడం ఆపేస్తామని ప్రకటించారు, వారంటీ మాత్రం నడుస్తుందట. ఈలోగా మెమరీ ధరలూ పైకే పోయాయి, నా రేట్లు చెప్పి బేరమాడితే షాపువాడు నవ్వుతాడు.

ఇంకో సంగతి. నాలుగో తరం ఐ5కి విండోస్ 11 అధికారికంగా రాదు, ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, నమోదు చేసుకుంటే సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా. ఆ తర్వాత విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేద్దామంటోంది అమ్మాయి. అందుకే ఈ వయసు సిస్టమ్ మీద ఐదు వేలకి మించి పెట్టొద్దంటాను. ఈ ఎస్‌ఎస్‌డీని రేపు కొత్త సిస్టమ్‌లోకీ తీసుకెళ్ళొచ్చు, డీడీఆర్3 ర్యామ్ మాత్రం ఇక్కడితో సరి.

మిగిలిన 720లో సీమోస్ బ్యాటరీకి (బోర్డు మీద గడియారాన్ని నడిపే చిన్న బిళ్ళ) 30 పెట్టా, పవర్ పోయినప్పుడల్లా తేదీ 2014కి వెళ్ళిపోయే జబ్బు పోయింది. కరెంటు అందించే డబ్బా, ఎస్‌ఎంపీఎస్ కూడా పాతదే, కానీ ఏడొందలకి దొరికేదాన్ని నేను నమ్మను. పాత హార్డ్ డిస్క్‌ని డీ డ్రైవ్‌గా ఉంచా. పెళ్ళి ఫోటోలన్నీ దాంట్లోనే ఉన్నాయి, వాటికి ఇంకో కాపీ తియ్యాలి, అది ఈ ఆదివారం పని.