చీమకుర్తి గ్రానైటు మీద డిజిటల్ ఈక్వలైజేషన్: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఒంగోలులోని మా ఇంటి హాలు 16 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉంటుంది. పైన కాంక్రీటు స్లాబు, కింద అద్దంలా మెరిసే చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు, గోడలకు నున్నటి పుట్టీ. కంటికి ముచ్చటైన ఈ గది చెవికి మాత్రం శత్రువు. గుమ్మం ఒక మూలకు ఉండటం వల్ల స్పీకర్లు గోడ నడిమికి కాక ఒక పక్కకు జరిగాయి, సోఫా వెనుక గోడకు దగ్గరగా చేరింది. కింది స్థాయి ధ్వనులకు 6.5 అంగుళాల ఊఫరున్న చిన్న బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జతను ఈ గదిలో నాలుగేళ్లుగా డిజిటల్ ఈక్వలైజేషన్‌తో, అంటే గది వల్ల ఎక్కువ తక్కువైన ధ్వని స్థాయిలను కంప్యూటరుతో సరిదిద్దుకుంటూ, వింటున్నాను. ఒక్కో ధ్వని శ్రేణిని పెంచే లేదా తగ్గించే సవరణను ఫిల్టరు అంటారు. మొదట 18 ఫిల్టర్లతో మొదలుపెట్టిన నేను ఇప్పుడు నాలుగింటితో సరిపెట్టుకుంటున్నాను.

ఫిల్టర్ల పని చేసేది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరులోని కామిల్లా డీఎస్పీ సాఫ్ట్‌వేరు. కొలతలకు మినీడీఎస్పీ వారి యూమిక్-1 మైకునూ, ల్యాప్‌టాపులో రూమ్ ఈక్యూ విజార్డు అనే కొలతల సాఫ్ట్‌వేరునూ వాడాను. నా అవసరం మేరకు ఈ రెండు సాఫ్ట్‌వేర్లకూ పైసా కట్టవలసిన పని లేకపోయింది. యూమిక్-1లో నాకు నచ్చిన విషయం, ప్రతి మైకుకూ దాని సీరియల్ నంబరును బట్టి దాని లోపాలను సరిచేసే సవరణ ఫైలు విడిగా దొరకటం. అయితే మైకును స్పీకర్ల వైపు తిప్పినప్పుడు ఒక ఫైలు, పైకప్పు వైపు నిలబెట్టినప్పుడు మరొక ఫైలు వాడాలి. నేను మొదటి నెలంతా మైకును నిలువుగా పెట్టి, ముందువైపు ఫైలుతో కొలిచి, పై స్థాయి ధ్వనులు తగ్గిపోయాయని స్పీకర్లను అనుమానించాను.

కొలత అంటే 20 హెర్ట్జ్ (సెకనుకు 20 కంపనాలు) నుంచి 20,000 హెర్ట్జ్ దాకా క్రమంగా పైకి పాకే ఒక కూతను స్పీకరు నుంచి పంపి, మైకుతో పట్టుకోవటమే. ఫ్యాను, ఏసీ ఆపేసి, వీధి సద్దుమణిగిన తెల్లవారుజామున ఈ పని పెట్టుకున్నాను. మూడో రోజున పక్కింటి పిన్నిగారు ప్రహరీ మీదుగా తొంగిచూసి, "అదేంది నాయనా ఆ కూత, మోటారేమన్నా కాలిపోతందా?" అని అడిగారు.

ఏ ఫ్రీక్వెన్సీ (కంపనాల సంఖ్య) ఎంత బిగ్గరగా ఉందో చూపే గ్రాఫు చూశాక గది గుట్టు బయటపడింది. ఎదురెదురు గోడల మధ్య దూరానికి రెండింతల తరంగదైర్ఘ్యమున్న ధ్వని ఆ గోడల నడుమ నిలిచి ఊగుతుంది. ఆ లెక్కన మా హాలు పొడవుకు 35, వెడల్పుకు 51, ఎత్తుకు 56 హెర్ట్జ్ వస్తాయి. మొదటిది నా స్పీకర్లకు అందని లోతు కనుక ఇబ్బంది లేదు గాని, దాని రెట్టింపైన 70 దగ్గర ఒక మిట్ట లేచింది. వెడల్పు, ఎత్తు దాదాపు సమానం కావటంతో 51, 56 రెండూ కలిసి 53 ప్రాంతంలో తొమ్మిది డెసిబెళ్ల (ధ్వని స్థాయి కొలత) గుట్టగా పెరిగాయి. డోలు దెబ్బ పడిన తర్వాత కూడా గది హూంకరిస్తూనే ఉండటానికి కారణం అదే. ఇక 112 హెర్ట్జ్ దగ్గర లోతైన గుంట. స్పీకరు ముందు భాగం, స్పీకరు వెనకనున్న గోడకు రెండున్నర అడుగుల దూరంలో ఉంది. గోడకు తగిలి తిరిగొచ్చే ధ్వని ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర సగం తరంగం వెనకబడి అసలు ధ్వనిని కొట్టివేస్తుంది.

నేను చేసిన పెద్ద తప్పు ఆ గుంటను పూడ్చబోవటం. తొమ్మిది డెసిబెళ్లు పెంచితే మైకు పెట్టిన చోట గీత చక్కగా చదునైంది, కాని తల జానెడు పక్కకు జరిపితే అదే స్వరం బండగా మోగింది. తొమ్మిది డెసిబెళ్లంటే ఆ ఫ్రీక్వెన్సీలో యాంప్లిఫయరు ఎనిమిది రెట్ల శక్తిని ఇవ్వాలి. దానికి తోడు, ధ్వని శిఖరాలు తెగిపోకుండా, పెంచిన మేరకు మొత్తం స్థాయిని డిజిటల్‌గా ముందే తగ్గించాలన్న సంగతి నేను పట్టించుకోలేదు. డోలు దెబ్బలు పగిలిన కుండ మోతలా వినబడితే స్పీకరు పోయిందనుకుని రెండు రోజులు దిగులుపడ్డాను. చివరకు ఆ ఫిల్టరు తీసేసి, స్పీకర్లను గోడ వైపు ఒక అడుగు జరిపాను. గుంట 190 హెర్ట్జ్ దరికి పోయి, లోతు కూడా తగ్గింది.

రెండో తప్పును కరవది నాదస్వరం బయటపెట్టింది. మా ఒంగోలు పక్క కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారి వాద్యం మా ఇంట్లో రోజూ మోగుతుంది. మధ్య స్థాయిలో గ్రాఫు ఎగుడుదిగుళ్లన్నిటినీ నేను ఫిల్టర్లతో చదును చేస్తే, ఆ నాదస్వరానికి జలుబు చేసినట్లయింది. మైకు నేరుగా వచ్చిన ధ్వనినీ గ్రానైటు నుంచి ఎగిరొచ్చిన ధ్వనినీ కలిపి లెక్కవేస్తుంది, చెవి మాత్రం మొదట చేరినదానికే పెద్దపీట వేస్తుంది. కొన్ని వందల హెర్ట్జ్ కింద గదిదే పెత్తనమనీ, అంతకుపైన స్పీకరు నాణ్యతే ప్రధానమనీ ధ్వని శాస్త్రవేత్త ఫ్లాయిడ్ టూల్ ఎంతో కాలంగా చెబుతున్నదీ ఇదే. 300 హెర్ట్జ్ పైన చదును చేయటానికి నేను పెట్టిన ఫిల్టర్లన్నీ తీసేశాను.

మిగిలినవి 53, 70, 102 హెర్ట్జ్ దగ్గర వరుసగా ఎనిమిది, ఐదు, మూడు డెసిబెళ్ల కోతలు, పై స్థాయిలో ఒకటిన్నర డెసిబెళ్ల మెత్తని వాలు. ఇవి కూడా ఒక్క చోటి కొలతతో కాక, సోఫా పొడవునా తొమ్మిది చోట్ల తీసిన సగటుతో నిర్ణయించినవి. ఇప్పుడు డోలు మీద కర్ర దెబ్బ, చేతి దెబ్బ వేరువేరుగా తెలుస్తున్నాయి. మిట్టను కోస్తే ఎత్తుతో పాటు ఆ ఫ్రీక్వెన్సీలో సాగే మోత కూడా తగ్గటం నేను ఊహించని లాభం.

మరింత కచ్చితత్వం కోసం పొడవైన ఎఫ్ఐఆర్ ఫిల్టరునూ, అంటే ధ్వని నమూనాలను వేల సంఖ్యలో కలిపి లెక్కగట్టే ఫిల్టరునూ, ప్రయత్నించాను. 65,536 ట్యాపుల (లెక్కలోకి తీసుకునే నమూనాల) లీనియర్ ఫేజ్ ఫిల్టరు, అంటే అన్ని ఫ్రీక్వెన్సీలనూ సమానంగా ఆలస్యం చేసేది, సెకనుకు 44,100 నమూనాల దగ్గర దాదాపు ముప్పావు సెకను ఆలస్యం చేస్తుంది. టీవీలో పెదవులు ఆడిన తర్వాత మాట వస్తుంటే ఇంట్లో ఎవరూ సహించలేదు. రోహిణి కార్తెలో మళ్లీ కొలవాలేమోనన్న నా బెంగ మాత్రం వృథా. వేడికి ధ్వని వేగం పెరిగినా, జనవరికీ మేకూ మధ్య 53 హెర్ట్జ్ మిట్ట కదిలేది ఒక్క హెర్ట్జే. అసలు చిక్కు కరెంటుతో వచ్చింది. ఉన్నట్టుండి పోయినప్పుడు రెండుసార్లు రాస్ప్‌బెర్రీ పై మెమరీ కార్డు చెడిపోయింది. వైఫై రూటరుకు పెట్టే చిన్న యూపీఎస్ తగిలించాక ఆ బెడద లేదు. సెట్టింగుల ప్రతి ఒకటి పెన్‌డ్రైవులో ఉంచుకోవటం తప్పనిసరి.

చప్పట్లు కొడితే గణగణమనే గది ప్రతిధ్వనిని ఏ ఫిల్టరూ తగ్గించలేదు. దానికి నేల మీద మందపాటి జంపఖానా, కిటికీలకు బరువైన పరదాలు, పక్క గోడకు పుస్తకాల బీరువా పనికొచ్చాయి. నిజానికి మైకు కొనకముందే చేయవలసిన ఖర్చు అది.

సోఫాకు చేసిన సవరణ గది మూలకు వర్తించదు. నాన్నగారి వాలుకుర్చీ సరిగ్గా మూలలో ఉంది, అక్కడ కింది స్థాయి ఇప్పటికీ ఉబ్బే ఉంటుంది. ఆయన కోసం విడిగా కొలిచి మరొక సెట్టింగు తయారుచేశాను. ఆయన ఒకసారి విని, "తీసెయ్ రా, డోలు అట్టా దడదడలాడితేనే పెళ్లిపందిట్లో కూచున్నట్టుంటది" అన్నారు. ఆ సెట్టింగును మళ్లీ వాడలేదు.