ఫోటోను గీతబొమ్మగా మార్చే మోడల్: కొన్నేళ్లు వాడాక నా మాట

శుభలేఖల మీదికి వధూవరుల బొమ్మలు, షష్టిపూర్తి కానుకలు, పాత ఫోటోల నుంచి తాతముత్తాతల పటాలు. కొన్నేళ్లుగా మా బంధువులకూ స్నేహితులకూ ఇవన్నీ నా ల్యాప్‌టాప్ మీదే చేసిస్తున్నాను. ఫోటోను బొమ్మగా మార్చే మోడళ్లు, అంటే ఉదాహరణలు చూసి పని నేర్చుకున్న ఏఐ ప్రోగ్రాములు, చాలానే వాడి చూశాను. చివరికి నిలిచింది యూ-స్క్వేర్-నెట్ అనే ఏఐలోని పోర్ట్రెయిట్ (ముఖచిత్రం) మోడల్. ఉచితం, ఓపెన్ సోర్స్. ఫోటో మన కంప్యూటర్ దాటి బయటికి పోదు. పెళ్లికూతురి ఫోటోలు నమ్మి చేతికిచ్చినప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యం అదే.

మొదట్లో అందరిలాగే రంగుల శైలులే వాడాను. 2015లో జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయంలో గేటిస్, ఎకర్, బెత్గే చూపించిన పద్ధతి అది: ఫోటోలోంచి రూపం, పెయింటింగులోంచి కుంచె తీరు తీసుకుని రెండిటినీ కలపడం. గోదావరి గట్టుకో గుడి గోపురానికో ఇప్పటికీ అదే వాడతాను. ముఖానికి మాత్రం నప్పదు. దానికి చెంపా ఆకాశమూ ఒకటే. చిత్రకారుడు వాన్‌గో ఆకాశంలో గీసిన సుడులు నుదుటి మీద కూడా తిరుగుతాయి. చూసినవాళ్లు "ఎంత బాగుందో" అంటారు గానీ "అచ్చం మా అమ్మే" అనరు. నాకు కావాల్సింది ఆ రెండో మాట.

కార్టూన్ మోడళ్లది ఇంకో చిక్కు. కళ్లు పెద్దవవుతాయి, ముక్కు సన్నబడుతుంది, చామనఛాయ తెల్లబడుతుంది. నేను వాడినదొకటి బొట్టును మచ్చలా తుడిచేసేది, ముక్కుపుడకనూ ఉంచేది కాదు. ఏ ముఖాలు చూసి నేర్చుకుందో వాటి వైపే మన ముఖాన్నీ లాగుతుంది. మా పెద్దమ్మ పటం బొట్టు లేకుండా ఆ ఇంటికి ఎలా పట్టుకెళ్లను?

యూ-స్క్వేర్-నెట్ దారి వేరు. కెనడాలోని ఆల్బెర్టా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2020లో దీన్ని తెచ్చింది ఫోటోలో ముఖ్యమైన వస్తువును వెనక దృశ్యం నుంచి విడదీయడానికి. అదే నెట్‌వర్క్‌కు ముఖాల ఫోటోలూ, వాటిని చూసి చేత్తో గీసిన బొమ్మలూ జతలుగా చూపించి పోర్ట్రెయిట్ నేర్పారు. ప్రతి పిక్సెల్ దగ్గరా గీత పడాలా, పడితే ఎంత గాఢంగా అన్నంతవరకే అది తేలుస్తుంది. కొత్త ముఖాన్ని కల్పించే పని పెట్టుకోదు కాబట్టి పోలిక చెడదు. బొట్టు ఉంటుంది, జుంకాలు ఉంటాయి, మీసం తీరు తెలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు లేకపోయినా నడుస్తుంది.

ఇబ్బందులు లేకపోలేదు. జడలో పూలు ముద్దగా వస్తాయి. జరీ అంచు గీతల గజిబిజి అవుతుంది, అందుకే నేను భుజాల దగ్గరే కత్తిరిస్తాను. కళ్లద్దాల మీద మెరుపు పడితే ఆ కన్ను పోయినట్టే. ఫోటోలో తల భాగం కనీసం 512 × 512 పిక్సెళ్లకు దగ్గరగా ఉండాలి, వాట్సాప్‌లో చేతులు మారి నలిగిన ఫోటో పనికిరాదు. వచ్చే బొమ్మ కూడా చిన్నదే. ఏ4 కాగితం మీద 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) అచ్చు వేయాలంటే 2480 × 3508 పిక్సెళ్లు కావాలి. బొమ్మలు గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్‌తో గీతలను వెక్టర్‌గా, అంటే చుక్కలుగా కాక గీతల లెక్కలుగా, మార్చుకుంటే ఎంత పెద్దది చేసినా అంచులు పగలవు. పెన్సిల్ నీడల మెత్తదనం మాత్రం కొంత పోతుంది, దానికి మందు లేదు.

బాపు బొమ్మలా చేయమని అడిగేవాళ్లుంటారు. కాదని తేల్చి చెబుతాను. ఏ గీత వదిలేయాలో తెలియడం ఆయన విద్య. ఈ మోడల్ కనబడిందల్లా గీస్తుంది.

నా లెక్కలో దీనికి అసలైన పని పాత నలుపు తెలుపు స్టూడియో ఫోటోల దగ్గర. వెలుతురు ఒక పక్క నుంచి పడుతుంది, వెనక తెర ఖాళీగా ఉంటుంది, ముఖం నేరుగా చూస్తుంది. ఫోన్‌తో ఫోటోకు ఫోటో తీయకుండా 600 డీపీఐలో స్కాన్ చేయండి. బూజు మచ్చలూ మడత గీతలూ ముందే ఫోటోలు సరిదిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌లో శుభ్రం చేసుకోండి, లేదంటే మోడల్ వాటినీ ముఖం మీది ముడతల్లా గీసిపెడుతుంది.