లండన్ నుంచి పారిస్‌కు విమానమా, రైలా?

హీత్రో నుంచి పారిస్ షార్ల్ ద గోల్ విమానాశ్రయానికి ఆకాశమార్గాన సుమారు 350 కిలోమీటర్లు. టికెట్ మీద గంటా ఇరవై నిమిషాల ప్రయాణం అని ఉంటుంది కానీ గాల్లో ఉండేది ముప్పావు గంట, అటూ ఇటూగా. మిగతాదంతా రన్‌వేకు చేరడానికీ, దిగాక గేటు దాకా రావడానికీ పోతుంది. పారిస్ గడియారం లండన్ కంటే గంట ముందుంటుంది. అందుకే వెళ్ళేటప్పుడు 10 గంటలకు బయల్దేరితే 12.20కి, వచ్చేటప్పుడు 10కి బయల్దేరితే 10.20కే చేరినట్టు కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణంలో మరో సంగతి. హీత్రోకు ఉన్నవి రెండే రన్‌వేలు. రద్దీగా ఉంటే ఆ వైపు నుంచి వచ్చే విమానాలను లండన్‌కు ఆగ్నేయాన ఉన్న బిగ్గిన్ హిల్ మీద చక్కర్లు కొట్టిస్తారు. రెక్క ఒక పక్కకు వాలి, అదే పొలం, అదే రోడ్డు మళ్ళీ మళ్ళీ కిటికీలోకి వచ్చాయి మాకు. పిల్లలకు సరదాగా ఉంది, పెద్దవాళ్ళకు కడుపులో తిప్పింది.

ఇంటి గడప నుంచి లెక్క వేస్తే అసలు తేడా తెలుస్తుంది. హీత్రోకు వెళ్ళడం, రెండు గంటల ముందే చేరడం, అవతల ఆర్‌ఈఆర్ బి రైల్లో ఊళ్ళోకి మరో అరగంట పైనే. ఆ రైలు టికెట్టు 2025లో మనిషికి 13 యూరోలు చేశారు. అన్నీ కలిపితే ఐదు గంటలు తేలిగ్గా దాటుతుంది.

యూరోస్టార్ రైలు లండన్ సెయింట్ పాంక్రాస్ స్టేషన్లో ఎక్కితే రెండు గంటల ఇరవై నిమిషాల్లో పారిస్ గార్ దు నోర్ స్టేషన్లో, ఊరి నడిబొడ్డునే దింపుతుంది. సముద్రం కిందుగా వెళ్ళే 50 కిలోమీటర్ల సొరంగం ఇరవై నిమిషాల్లో దాటేస్తాం. ఫ్రాన్స్ పాస్‌పోర్టు తనిఖీ కూడా లండన్‌లోనే అయిపోతుంది కాబట్టి పారిస్‌లో దిగాక క్యూ ఉండదు. మన పాస్‌పోర్టుతో వెళ్ళేవాళ్ళకు బ్రిటన్ వీసా ఉన్నా ఫ్రాన్స్‌లోకి వెళ్ళడానికి షెంగెన్ వీసా వేరేగా ఉండాల్సిందే. సూట్‌కేసులకు తూకం లేదు, నీళ్ళ సీసాను ఎవరూ పారేయమనరు. అమ్మానాన్నలతో వెళ్తే నా ఓటు రైలుకే. కాకపోతే ముందుగా కొనుక్కోవాలి, ఆఖరి రోజుల్లో ధర మండిపోతుంది. హైదరాబాద్ నుంచి హీత్రోలో దిగి ఒకే టికెట్‌పై ముందుకు పోయేవాళ్ళు మాత్రం విమానమే ఎక్కండి, సామాను మోసే పని తప్పుతుంది.

బసకు గార్ దు నోర్ చుట్టుపక్కల బాగా కుదిరింది. గదులు ఇరుకే, పెద్ద పెట్టె తెరిస్తే నడవడానికి చోటుండదు. కానీ నాలుగడుగులు వేస్తే లా షపెల్ అనే పేట, అక్కడ శ్రీలంక తమిళుల దుకాణాలు, వేడి దోసెలు, సాంబారు. తెల్లవారుజామున విమానం ఉంటే మాత్రం ముందు రాత్రి విమానాశ్రయం పక్కనే హోటళ్ళుండే రువాసీపోల్‌లో బస చేయడం మేలు. అక్కడి నుంచి టెర్మినళ్ళకు సీడీజీవాల్ రైలు ఉచితం. తిండికి అక్కడ పెద్దగా ఏమీ దొరకదు, లా షపెల్‌లోనే పార్సిల్ కట్టించుకుని వెళ్ళండి.