తర్బగతాయ్‌లో ముందు గోడకే రంగు

రష్యాలోని తర్బగతాయ్ అనే పల్లెలో మేం తీసుకున్న బస ఫొటోలో ముదురు ఎరుపు దుంగల గోడలు, నీలం కిటికీలు, పచ్చ కంచె. రాత్రికి 4,800 రూబుళ్లు. రూబులు ఇంచుమించు రూపాయితో సమానం కాబట్టి లెక్క సులువే. బయటి దేశాల వీసా, మాస్టర్ కార్డులు రష్యాలో 2022 మార్చి నుంచి పనిచేయవు. రెండు రాత్రులకూ నగదు ముందే చేతిలో పెట్టాం. అదే మా తప్పు.

బుర్యాతియా ప్రాంతం రాజధాని ఉలాన్ ఉదెలో నాలుగు రోజులు హాయిగా గడిచాయి. అక్కడి నుంచి చీతా నగరానికి వెళ్లే రోడ్డులో తర్బగతాయ్ సుమారు 50 కిలోమీటర్లు, షేర్ వ్యానుకు మనిషికి 230. దారిలో సెలెంగా నది వంపు, దాని మీద పడుకున్న సింహంలాంటి కొండ. అక్కడ తప్పక దిగండి.

బస దగ్గర దిగి చూస్తే వీధి వైపు గోడ ఒక్కటే చెక్కది. మిగతా మూడు వైపులా ప్లాస్టిక్ రేకులు. సెప్టెంబరు చివరి వారం, గదిలో నోటి ఆవిరి కనిపిస్తోంది. పొయ్యి వెలిగించమంటే, వేడి ఇచ్చే రోజులు ఇంకా మొదలు కాలేదన్నాడు యజమాని. అద్దెలోనే కలిపి ఉందన్న ఆవిరి స్నానానికి విడిగా 1,500 గుంజాడు. మా బావగారు తెల్లవార్లూ శాలువాలో ముడుచుకుని, బైకాల్ సరస్సు ఒడ్డునే ఉండాల్సిందని సణిగారు. బుర్యాతియాను 2018లోనే సైబీరియా ఫెడరల్ జిల్లా నుంచి తీసి దూరప్రాచ్యంలో కలిపారని నోరు జారాను. "అయితే మనం చూడటానికి వచ్చిన సైబీరియా కూడా ఇది కాదా?" అన్నారాయన.

మర్నాడు తర్బగతాయ్ జిల్లాలోనే ఉన్న దెస్యాత్నికొవొ పల్లెకు వెళ్లాం. ఒక పెద్దావిడ ఇంట్లో భోజనం, పాట కలిపి మనిషికి 1,600. ఈ ఊళ్లవాళ్లను సెమెయ్‌స్కీలు అంటారు, అంటే కుటుంబాలతో వచ్చినవాళ్లు. పదిహేడో శతాబ్దంలో రష్యా చర్చి సంస్కరణలను ఒప్పుకోక, మూడు వేళ్లతో శిలువ గుర్తు వేసుకోము, రెండు వేళ్లే అన్నవాళ్ల వారసులు. అప్పట్లో పోలండ్ ఏలుబడిలో ఉన్న వెత్కా అనే ఊళ్లో తలదాచుకుంటే, 1764లో రష్యా రాణి రెండవ కేథరిన్ సైన్యం దాన్ని ఖాళీ చేయించి, చాలామందిని ఇక్కడికి తోలింది. ఈ సరిహద్దు నేలకు ధాన్యం పండించే రైతులు కావాలి మరి. వీళ్ల పాటలనూ సంస్కృతినీ 2001లో యునెస్కో గుర్తించింది.

బావగారు మాంసం ముట్టరు. ఆవిడ పంది కొవ్వు ముక్కల పళ్లెం పెట్టగానే ఆయన ముఖం మాడిపోయింది. నాకు వచ్చిన నాలుగు రష్యన్ మాటల్లో ఒకటి "పోస్త్", ఉపవాసం. అది అనగానే ఆవిడ కళ్లు మెరిశాయి. పళ్లెం తీసేసి ఉడికిన బంగాళాదుంపలు, ఉప్పులో ఊరిన పుట్టగొడుగులు, క్యాబేజీ కూరిన రొట్టెలు తెచ్చింది. వీళ్ల ఉపవాసంలో మాంసం, గుడ్లు, పాలు ఏవీ ఉండవు. శాకాహారులు ఈ ఒక్క మాట నేర్చుకుని వెళితే చాలు. పూర్వం బయటివాళ్లకు వేరే గిన్నెలు పెట్టేవారని ఆవిడ చెబితే, "మడి!" అని బావగారు బల్ల చరిచారు. ఆపైన ఆవిడ తన అమ్మమ్మ కాలం నాటి పసుపు రాళ్ల దండ మెడలో వేసినా కిక్కురుమనలేదు. అంబర్ రాళ్లు, అంటే గట్టిపడిన చెట్టు జిగురు, ఒక్కొక్కటి ఉసిరికాయంత.

ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. పొయ్యి పక్క మంచం, ఇద్దరికీ 2,500. రెండో రాత్రికి కట్టిన 4,800 పోయాయి. పెట్టెల కోసం వెళితే యజమాని వాటిని దాచినందుకు మరో 300 అడిగాడు. తర్బగతాయ్‌లో ఎవరైనా గది చూపిస్తే, వెనక గోడ ఫొటో కూడా పంపమనండి.