జాగ్రత్త: "మ్యాక్ సెట్టింగ్" అంటే హార్డ్‌డిస్క్ చేతికివ్వకండి

వైజాగ్‌లో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనబోతున్నవాళ్ల కోసం, ముఖ్యంగా ఇంట్లో విండోస్ ల్యాప్‌టాప్, మ్యాక్‌బుక్ రెండూ ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. "మ్యాక్ సెట్టింగ్" అని షాపులో డబ్బు అడిగితే ఇవ్వకండి. లోపల మీ ఫైళ్లు ఉంటే ఆ డిస్క్‌ని అసలు వాళ్ల చేతికే ఇవ్వకండి.

ద్వారకానగర్‌లో ఒక షాపులో 2 టీబీ డిస్క్ తీసుకున్నాను. మ్యాక్‌లో కూడా పనిచేయాలని ముందే చెప్పాను. "అన్నిట్లో పనిచేస్తుంది మేడమ్" అన్నారు. తమ్ముడి పెళ్లి వీడియోలన్నీ నా విండోస్ ల్యాప్‌టాప్ నుంచి అందులోకి ఎక్కించి అక్కకిచ్చాను. తన మ్యాక్‌బుక్‌లో వీడియోలు చక్కగా ప్లే అయ్యాయి. కానీ తన దగ్గరున్న ఫొటోలు మాత్రం అందులోకి ఎక్కవు. గెట్ ఇన్ఫో తెరిచి చూస్తే కింద "యూ కెన్ ఓన్లీ రీడ్" అని ఉంది.

డిస్క్ షాపుకి తీసుకెళ్తే "మ్యాక్ సెట్టింగ్ చేయాలి, ఎనిమిది వందలు అవుతుంది" అన్నారు. లోపల పెళ్లి వీడియోలున్నాయి, పోవు కదా అని అడిగాను. "ఏం కాదు మేడమ్, కూర్చోండి" అన్నాడు కౌంటర్‌లోని అబ్బాయి. అతను చేసిన సెట్టింగ్ ఏంటంటే, డిస్క్ మొత్తం ఏపీఎఫ్ఎస్‌లోకి (మ్యాక్ ఫైళ్లు దాచుకునే పద్ధతి) ఫార్మాట్ కొట్టడం! వీడియోలు పోయాయి. పైగా ఇప్పుడది నా విండోస్‌లో తెరుచుకోదు. పెట్టగానే "ముందు ఫార్మాట్ చేయాలి" అని బాక్స్ వస్తోంది. గట్టిగా అడిగితే, డేటాకి బాధ్యత లేదని బిల్లు వెనక రాసుంది కదా అన్నారు.

అసలు డిస్క్‌లో ఏ లోపమూ లేదు. చాలా డిస్కులు విండోస్‌వాళ్ల ఎన్‌టీఎఫ్ఎస్ ఫార్మాట్‌లో వస్తాయి. అది 1993 నాటిది. మ్యాక్ దాన్ని చదవగలదు గానీ, విడిగా సాఫ్ట్‌వేర్ వేస్తే తప్ప అందులో రాయలేదు. ఆపిల్ 2017లో తెచ్చిన ఏపీఎఫ్ఎస్‌ని విండోస్ తనంతట తాను చదవనే చదవదు. ఉబుంటు లాంటి లినక్స్ సిస్టమ్‌లు వాడేవాళ్లకి ఈ బాధ తక్కువ, ఎందుకంటే లినక్స్‌లో ఎన్‌టీఎఫ్ఎస్‌కి రాయడం కూడా కుదురుతుంది.

విండోస్, మ్యాక్ రెండిట్లో చదవడానికీ రాయడానికీ కుదిరేది ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్. దానికి ఎవరికీ పైసా ఇవ్వక్కర్లేదు. కొత్త డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడే విండోస్‌లో డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, ఫార్మాట్‌లో ఎక్స్‌ఫ్యాట్ ఎంచుకుని, క్విక్ ఫార్మాట్ కొట్టండి. క్షణాల్లో అయిపోతుంది. ఎవరైనా ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ చేసిస్తానంటే వద్దనండి. అందులో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, పెళ్లి వీడియో ఒక్కటే అంతకు మించి ఉంటుంది. ఎక్స్‌ఫ్యాట్‌తో ఒక ఇబ్బంది ఉంది. ఎజెక్ట్ కొట్టకుండా కేబుల్ లాగేస్తే ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఎన్‌టీఎఫ్ఎస్‌లో కంటే ఎక్కువ. పాత టీవీలు కొన్ని దాన్ని గుర్తుపట్టవు కూడా.

డబ్బులు కట్టే ముందే షాపులో ఉన్న విండోస్‌కి పెట్టి ఫార్మాట్ ఏంటో చూపించమనండి. మీ మ్యాక్‌బుక్ వెంట తీసుకెళ్లి, ఒక ఫైలు అటూ ఇటూ కాపీ చేసి చూడండి. కుదరదంటే ఇంకో షాపుకి వెళ్లండి, ద్వారకానగర్‌లో షాపులకి కొదవా?

ఇప్పటికే నాలాగా జరిగుంటే ఆ డిస్క్‌లో ఇంకేమీ ఎక్కించకండి. విండోస్ ఫార్మాట్ చేయమన్నా ఓకే కొట్టకండి. క్విక్ ఫార్మాట్ అయిన హార్డ్‌డిస్క్‌లో పాత డేటా, దాని మీద కొత్తది పడేదాకా చాలావరకు అలాగే ఉంటుంది. చిప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీ అయితే ఆ ఆశ చాలా తక్కువ. మాది హార్డ్‌డిస్క్ కాబట్టి రికవరీలో చాలా ఫైళ్లు వచ్చాయి, కానీ పేర్లన్నీ పోయి ఉత్త నంబర్లు మిగిలాయి. జీలకర్ర బెల్లం పెట్టే వీడియో మాత్రం ఎంత చేసినా తెరుచుకోవట్లేదు. స్టూడియోవాళ్ల దగ్గర కూడా కాపీ లేదు. అమ్మ ఇప్పటికీ దాని గురించే అడుగుతోంది.

ఇలా డబ్బు తీసుకుని డేటా పోగొడితే, ఆ ఛార్జ్ రాసిన బిల్లు జాగ్రత్తగా దాచి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. నేను ఫిర్యాదు ఇస్తున్నాను. ఇదే "సెట్టింగ్" మీకూ ఎక్కడైనా జరిగుంటే కింద రాయండి.