రాత్రి కయోటీ వేట: క్రాస్‌బోనా, రైఫిలా?

టెక్సస్‌లో సొంత భూమిలో, లేదా యజమాని అనుమతి ఉన్న భూమిలో, కయోటీలను ఏడాది పొడవునా రాత్రిపూట కూడా వేటాడవచ్చు. మేకపిల్లల మీద పడే ఈ జంతువు నక్క కన్నా పెద్దది, తోడేలు కన్నా చిన్నది.

క్రాస్‌బోకి (తుపాకీలా మీట నొక్కితే బాణం వదిలే విల్లు) ఉన్న పెద్ద ప్లస్ చప్పుడు తక్కువ కావడం. కానీ చిక్కంతా ఆ కాస్త చప్పుడుతోనే. బాణం సెకనుకు 400 అడుగులు పోతుందనుకుందాం. ధ్వని దాదాపు 1,100 అడుగులు పోతుంది. 40 గజాల దూరంలో ఉన్న కయోటీకి నారి చప్పుడు ముందే వినిపిస్తుంది, ఆ తర్వాత బాణం చేరేసరికి సెకనులో ఐదో వంతు గడిచిపోతుంది. ఉలిక్కిపడి ఒళ్లు వంచడానికి దానికి అది చాలు. గుండెకు తగలాల్సింది పొట్టలో దిగితే ఆ జీవి పడే నరకం చూడలేం. పైగా థర్మల్ స్కోప్‌లో (ఒంటి వేడిని బట్టి చీకట్లో జంతువును చూపించే గురి పరికరం) దూరం సరిగ్గా తెలియదు. 30 గజాలనుకున్నది 40 అయితే బాణం నాలుగైదు అంగుళాలు కిందికి పోతుంది. గురి తప్పితే మళ్లీ నారి లాగి బిగించేలోపు అది మాయం.

.223 రైఫిల్‌తో (.223 అనేది తూటా సైజు) ఈ టెన్షన్ లేదు. తూటా ధ్వని కన్నా ముందే చేరుతుంది, వెంటనే రెండో దెబ్బ వేయొచ్చు. అయితే చెవులకు రక్షణ తప్పనిసరి. తూటా చాలా దూరం పోతుంది కాబట్టి కయోటీ వెనకాల మట్టిగట్టు ఉండాలి, చీకట్లో అది చూసుకోవడం కష్టం.

నా ఓటు రైఫిల్‌కే. ఇళ్లు దగ్గరగా ఉండి, కూతపెట్టి 25 గజాల లోపుకు రప్పించగలిగితేనే క్రాస్‌బో.