హనుమకొండలో ఆడవాళ్ళ డేటింగ్ యాప్: లేబుళ్ళకు మంచి మార్కులు, లొకేషన్‌కు సున్నా

యాప్ పేరు రాయట్లేదు. రాస్తే ఇది చదివిన మా హనుమకొండ వాళ్ళు సాయంత్రానికల్లా దాన్ని డౌన్‌లోడ్ చేసి నా ప్రొఫైల్ వెతుకుతారు. ఆడవాళ్ళను ఇష్టపడే ఆడవాళ్ళ కోసం చేసిన యాప్ అంటే, అవసరం ఉన్నవాళ్ళకు ఎట్లాగూ దొరుకుతుంది.

ముందు బాగున్నది చెప్తా. కొన్ని డేటింగ్ యాప్‌లు ఒక్క లిస్టు పెట్టి అందులో ఒక్కటే ఎంచుకోమంటాయి. ఇది మూడు ప్రశ్నలు విడివిడిగా అడుగుతుంది: ఎవరి మీద ఇష్టం కలుగుతుంది, మీ జెండర్ ఏంటి, మీరు ఎట్లా ఉండడం మీకు హాయి. ఈ మూడూ కలిపేయడం వల్లే సగం గందరగోళం. షర్టు ప్యాంటులో, పొట్టి జుట్టుతో తిరిగే అమ్మాయి తనను 'బుచ్' అనుకోవచ్చు, పట్టుచీర, కాటుక లేనిదే బయటికి రాని అమ్మాయి 'ఫెమ్' అనుకోవచ్చు, కానీ దాన్నిబట్టి వాళ్ళు లెస్బియనా (ఆడవాళ్ళనే ఇష్టపడే ఆడవాళ్ళు), బైనా (బైసెక్సువల్, అంటే ఒక్క జెండర్‌నే కాక ఇతరులనూ ఇష్టపడేవాళ్ళు) చెప్పలేం. ట్రాన్స్ మహిళ, అంటే పుట్టినప్పుడు మగ అని రాసినా తను ఆడదే అయిన మనిషి, ఆడవాళ్ళనే ఇష్టపడితే ఆమె లెస్బియనే, అందుకు ఇంకో పెట్టె అక్కర్లేదు. యాప్ ఇచ్చే లేబుళ్ళలో 'స్టడ్' అని కూడా ఉంది. మగరాయుడిలా ఉండే లెస్బియన్ అని అర్థం, అది అమెరికాలో నల్లజాతి లెస్బియన్ల నుంచి వచ్చిన మాట. యాప్ ఆ ముక్క ఎక్కడా చెప్పదు, ఇక్కడి పిల్లలేమో స్టైల్‌గా ఉందని పెట్టేసుకుంటున్నారు.

ఒకటి కన్నా ఎక్కువ లేబుళ్ళు పెట్టుకోనివ్వడం నాకు బాగా నచ్చింది. నేను లెస్బియన్, డెమీసెక్సువల్ రెండూ పెట్టుకున్నా. మొదటిది ఎవరి మీద అని చెప్తుంది, రెండోది ఎప్పుడు అని చెప్తుంది, అంటే మనసు కలిశాక తప్ప నాకు ఆ ఆకర్షణ పుట్టదు. అట్లాగే శారీరకంగా ఎవరి మీదా ఆకర్షణ కలగని అసెక్సువల్ అమ్మాయి, ప్రేమించేది మాత్రం ఆడవాళ్ళనే అయితే, లెస్బియన్ అనే చెప్పుకోవచ్చు. బై అమ్మాయి ఇంకో అమ్మాయితో పదేళ్ళు కాపురం చేసినా బై గానే ఉంటుంది, తను వద్దనుకుంటే తప్ప.

'బై లెస్బియన్' అని పెట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారు, దాని మీద యాప్ గ్రూపుల్లో పెద్ద గొడవ. వద్దనేవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. సరైన మగాడు దొరికితే మారిపోతుందిలే అని మనకు రోజూ చెప్పే జనానికి అది ఇంకో సాకు అవుతుందని వాళ్ళ టెన్షన్. కావాలనేవాళ్ళు చెప్పేది, ఆడవాళ్ళతో బతుకు పంచుకున్న బై ఆడవాళ్ళు ఈ సమూహంలో మొదటి నుంచీ ఉన్నారని. నేను పెట్టుకోను, పెట్టుకున్నవాళ్ళను బ్లాక్ కూడా చెయ్యను. 'బై వాళ్ళు మెసేజ్ చెయ్యొద్దు' అని ప్రొఫైల్ మీద రాసుకునేవాళ్ళంటేనే చిరాకు.

ఇప్పుడు తిట్లు. సున్నా నుంచి ఆరు దాకా జరిపే ఒక గీత ఇచ్చారు, లైంగికత మీద పరిశోధన చేసిన కిన్సీ అనే అమెరికా ఆయన 1948లో పెట్టిన స్కేలు అది. సున్నా అంటే పూర్తిగా అవతలి జెండర్, ఆరు అంటే పూర్తిగా మన జెండర్. ఆకర్షణే లేనివాళ్ళకు ఆ గీత మీద చోటు లేదు, కిన్సీయే అట్లాంటివాళ్ళను ఎక్స్ అని పక్కన పెట్టాడు, యాప్‌లో ఆ ఎక్స్ కూడా లేదు. 1978లో క్లైన్ అనే డాక్టరు ఆకర్షణ, కలలు, మనసుపడటం, తనను తాను ఏమనుకుంటారు, ఇట్లా ఏడు విషయాలు తీసుకుని, గతంలో, ఇప్పుడు, మీరు కోరుకునేది అని మూడు వరుసల్లో అడిగాడు. అది పెట్టి ఉంటే కొంత పనికొచ్చేది.

అసలు ఘోరం ఫిల్టర్. ఎన్ని లేబుళ్ళు పెట్టుకున్నా వెతికేటప్పుడు మొదటిదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. క్వీర్ (మామూలు ఆడ-మగ చట్రంలో ఇమడని వాళ్ళందరికీ వాడే మాట) ముందు, లెస్బియన్ తర్వాత పెట్టుకున్న అక్క నాకు కనిపించనే లేదు, ఫిల్టర్ మొత్తం తీసేశాక కనిపించింది. ఉండేది కరీంనగర్‌లో! అంత బాగా మూడు ప్రశ్నలు అడిగి, చివరికి ఒక్క జవాబే చూసుకుంటే అడగడం దేనికి?

ఇక లొకేషన్. 'మీకు రెండు కిలోమీటర్ల దూరంలో' అని చూపిస్తుంది. హైదరాబాద్‌లో పర్వాలేదేమో గానీ సుబేదారి, నక్కలగుట్ట మధ్య రెండు కిలోమీటర్లంటే ఏ ఇల్లో కూడా తెలిసిపోతుంది. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు ఒకే జెండర్ వాళ్ళ మధ్య సంబంధం నేరం కాదంది, 2023 అక్టోబర్‌లో వాళ్ళకు పెళ్ళి హక్కు మాత్రం ఇవ్వలేమంది. కాబట్టి ఇప్పుడు పోలీసుల కన్నా సంబంధాలు చూసే మేనత్తతోనే భయం. దూరం కనిపించకుండా చెయ్యాలంటే డబ్బు కట్టాలట, ఇది మాత్రం అన్యాయం.

అమ్మాయి ఫొటో పెట్టుకున్న మగాళ్ళు ఇక్కడా ఉన్నారు. బై అని పెట్టుకున్నవాళ్ళకైతే 'మా ఆయన, నేను, నువ్వు' అనే మెసేజ్‌లు తెగ వస్తాయి. రిపోర్ట్ కొడితే తీసేస్తున్నారు, అది ఒప్పుకోవాలి.

డబ్బు కట్టే ప్లాన్ మన వైపు వాళ్ళకు దండగ. స్వైప్ చేస్తే వచ్చేదంతా దాదాపు హైదరాబాదే. సొంత ఫొటో పెట్టకండి, ఫోన్ నంబరు తొందరపడి ఇవ్వకండి. నా రేటింగ్ మూడు స్టార్లు, దూరం దాచుకోవడం ఫ్రీ చేస్తే నాలుగు.